వంపునకు లొంగిన పలక

వాద్యమనగానే మనకు ముందుగా స్ఫురించునది వీణ. పనసమ్రానును తొలిచి కుండగా మలచి, దానిపై పలుచని పలకను మూతగా నతికి, మైనముపై మెట్లు నిలిపి, బొబ్బిలి సమీపమున గొల్లపల్లి పనివారు తరతరములుగా వీణలను చేయుచున్నారు. ఒకే మ్రానుతో చేసినదానిని ఏకాండి వీణ యందురు. ఆ పనిని గూర్చి వినియుండుటచే, మా మఱది స్వహస్తములతో గిటారు చేసెదనని పూనుకొన్నపుడు నాకది వింతగా తోపలేదు. కాని యా పనిలో నొక ఘట్టము మా యింటిల్లిపాదికిని పరీక్ష పెట్టినది. అది పైపలకను వంచి యతికించుట.

ఆతడు తలపెట్టిన గిటారు వీణవలె బోలుది కాదు, విద్యుత్తుతో మ్రోగునది. దాని మేను ఇంచుమించు ఒకటి ముప్పాతిక అంగుళముల దళసరిగల గట్టి కొయ్య. ఉక్కుతీగల క్రింద, అయస్కాంతముల చుట్టును సన్నని రాగితీగ చుట్టలుండును. తీగ కంపించినపుడు ఆ చుట్టలో స్వల్పముగా విద్యుత్తు జనించి, యంత్రమున వృద్ధిపొంది ధ్వనియగును. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి ఫెండర్ సంస్థవారు తొలుత చేసిన యిట్టి గిటారులు పీటవలె చదునుగా నుండెడివి. అంచులు ఒడలికి నొత్తుకొనుచున్నవని వాద్యకారులు మొఱపెట్టుకొనిరి. అంత 1954లో వెలువడిన స్ట్రాటోకాస్టర్ అను గిటారునకు వెనుకవైపున ఱొమ్మునకు తగిన పల్లమును, ముందువైపున ముంజేయి యానుచోట నొక వాలును చెక్కిరి. నేడు అనేకులు ఈ రూపమునే యనుసరించుచున్నారు.

చదునైన మేనిపై అందమైన చారలుగల మేపుల్ పలకను అతికించుట కష్టము కాదు. వాలు వచ్చినచోటనే చిక్కు. ముందుగా నతికించి పిదప వాలును చెక్కినచో, అచ్చట పలక యంతయు లేచిపోయి క్రింది కొయ్య బయటపడును. చారల అందము సగములో తెగును. కావున పలకనే వాలు వెంబడి వంపవలెను.

మా మఱది యేడాదిపాటు పిల్లలకు పాఠములు చెప్పి కూడబెట్టిన సొమ్ముతో ఒక మేపుల్ పలకను తెప్పించుకొనెను. ఒకే చెక్కను రెండుగా చీల్చి, పుస్తకము విప్పినట్లు ప్రక్కప్రక్కన జతపఱచినది; దళసరి అంగుళములో ఎనిమిదవ పాలు. ఆతురతచే జిగురు పూసి, మేనిపై పఱచి, వాలువైపున ఇనుప బిగింపులను ఒక్కొక్క చుట్టే త్రిప్పసాగెను. మూడవ బిగింపు నొద్ద ఠప్పుమను శబ్దము వంటయింటిలోనున్న నాకు వినబడినది. వచ్చి చూతునుగదా, పలక వంపుగీత పొడవునను చిట్లియున్నది. ఆతడు మాటాడక ఆ మేనిని గోనెలో చుట్టి అటకపై పెట్టెను. పదిదినములు దాని ఊసెత్తలేదు.

ఒకనాడు మా యత్తగారు అప్పడములు ఎండవేయుచు, “ఎండినదానిని వంచిన విఱుగక యేమి చేయును నాయనా? పచ్చి అప్పడమును మడచి చూడుము, ఎండిన అప్పడమును మడచి చూడుము” అనిరి. మేదరివారు వెదురుబద్దలను నీట నానవేసి బుట్టలల్లుటయు ఈ కారణముననే గదా! ఆ మాటతో గోనె అటక దిగినది.

కొయ్యలోని నారలను అంటిపెట్టుకొని లిగ్నిన్ అను పదార్థముండును. తడియు వేడియు కలిసినపుడు అది మెత్తబడును. చల్లారి ఆఱినపుడు మరల గట్టిపడి క్రొత్త రూపమును నిలుపుకొనును. పలకను వంచినపుడు పైముఖము సాగును, లోముఖము నొక్కుకొనును. మెత్తబడిన కొయ్య నొక్కుడును బాగుగా సహించును గాని సాగుటను అంతగా సహింపదు. పగులు పైముఖముననే పుట్టుట కిది హేతువు. చారల మేపుల్ నందు నారలు అలలుగా తిరుగును గనుక అది మఱింత పెళుసు.

మా మఱది ముందుగా పాత పలకను చిత్రికపట్టి తొలగించెను. దాని ముక్కలపైననే అభ్యాసము చేసి, పిదప రెండవ పలకను తెప్పించెను. గిటారు వాలునకు సరిపడు కొయ్యమూసను, దానికి ఎదురుమూసను చెక్కెను. వంచిన కొయ్య విడువగనే కొంత వెనుకకు మరలును గనుక, మూసకు వాలు ఒకింత ఎక్కువగా నుంచెను. పలకనంతను నానవేసినచో నడిమి యతుకు విడిపోవచ్చును. కావున వంపు రావలసినచోటనే తడిపితిమి. మరుగునీట ముంచిన గుడ్డను పఱచి, దానిపై ఇస్త్రీపెట్టెను ఆనించు పని నాది. కొయ్య మెత్తబడినదని చేతికి తెలిసినంతనే, పగులకుండ పైముఖమున పలుచని రేకు నానించి, మెల్లమెల్లగా మూసల నడుమ బిగించితిమి.

ఎంత ఆఱినదో కంటికి తెలియదు. తడి పలకను అతికించినచో తరువాత అడ్డముగా కుంచించుకొని బీటలు వాఱును. అందులకు నేనొక యుపాయము చెప్పితిని. ప్రతిదినము పలకను వంటయింటి తక్కెడలో తూచి, వెంటనే మరల మూసలో బిగించుచుంటిమి. వరుసగా మూడుదినములు బరువు తగ్గకుండుటచే ఆఱినదని నిశ్చయించితిమి.

అతుకుటకు ముందు జిగురు లేకయే ఒకమాఱు బిగించి చూచుట ముఖ్యము. పలక సందు లేక మేనిపై కూర్చుండవలెను. పూర్వము వడ్రంగులు చర్మముతో కాచిన వజ్రమును వాడెడివారు. నేడు సీసాలలో వచ్చు కొయ్యజిగురు చాలును. కాని నిరంతరము లాగుచుండు పలకను అట్టి జిగురు చిరకాలము పట్టియుంచలేదు, మెల్లగా జారును. ముందే వంగి కుదిరిన పలకకు ఆ బాధ లేదు. జిగురును పలుచగా సమముగా పూసి, చదునుభాగము మొదలుకొని వాలువైపునకు బిగించుకొని పోవలెను. అంచున చిన్నచిన్న పూసలవలె జిగురు వెలువడిన చాలును. అధికముగా బిగించిన జిగురంతయు బయటికి పోయి అతుకు పొడిబాఱును. కొందఱు మేనిని గాలిచొరని సంచిలో నుంచి లోనిగాలిని లాగివేయుదురు. వాతావరణపీడనము చదరపు అంగుళమునకు దాదాపు 14.7 పౌనులు, అందు అధికభాగము అన్నిచోట్ల సమముగా నదుమును. మాకా యంత్రము లేనందున ఎదురుమూసనే వాడి, ఒక దినమంతయు కదల్పక యుంచితిమి.

మఱునాడు బిగింపులు విప్పునపుడు ఇంటిలో నెవ్వరును మాటాడలేదు. ఎక్కడను పగులు లేదు. చారలు చదునునుండి వాలుపైకి తెగకుండ నీటియలలవలె దిగియున్నవి. మా మఱది ముంజేతిని దానిపై ఆనించి చూచుకొని, ఆ మేనిని తెచ్చి ముందుగా మా యత్తగారి యొడిలో నుంచెను. ఆమె వ్రేలితో వంపును తడవి, “ఇప్పుడు దీనికి నొప్పి లేదురా” అనిరి.

చేతిపనులు పురుషులవని మనము దూరముగా నుండ నక్కఱలేదు. ఇస్త్రీపెట్టెయు తక్కెడయు అప్పడపు పిండియు ఎఱిగిన చేతులకు కొయ్య పరాయిది కాదు. మీ యింట నెవరైన ఇట్టి పనికి పూనుకొని తొలిసారి భంగపడినచో, ఆ వస్తువును అటకపై నుండనీయకుడు.