లిథియం వాడే ఇంట్లో ఎండాకాలం

బీపీ బిళ్ల ఎందుకో, షుగర్ బిళ్ల ఎప్పుడు వేసుకోవాలో పామర్రులో ఏ ఇంట అడిగినా చెప్తారు. మానసిక వైద్యుడు రాసినవి మాత్రం చాలా ఇళ్లలో అన్నీ కలిపి నిద్రబిళ్లలే. ఎస్సిటాలోప్రామ్ లాంటి డిప్రెషన్ మందు గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. వికారం మాత్రం ముందే వస్తుంది. ఆ సంగతి తెలియకే వారం తిరక్కుండా మాన్పించేస్తారు.

అన్నిటికన్నా జాగ్రత్తగా తెలుసుకోవాల్సింది బైపోలార్ జబ్బుకి ఇచ్చే లిథియం గురించి.

రక్తంలో దీని స్థాయి లీటరుకు సుమారు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. 1.5 దాటితే విషమయ్యే ప్రమాదం ఉంది. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గినప్పుడు మూత్రపిండాలు సోడియంతో పాటు లిథియాన్నీ బయటికి పోనివ్వవు. మే నెల ఎండలో గుడివాడ దాకా బండి మీద వెళ్లొచ్చిన భర్తకి విరేచనాలు పట్టుకున్నాయనుకుందాం. ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్ కూడా వేసుకున్నాడు. బిళ్లల లెక్క మారకపోయినా రక్తంలో లిథియం పెరిగిపోతుంది. చేతులు బాగా వణుకుతాయి, నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది. తాగొచ్చాడని భార్య పొరబడితే విలువైన గంటలు పోతాయి. మందుల చీటీ పట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఈ మందు గుణాన్ని లోకానికి చెప్పాడు. ఆయన మొదటి రోగి ఏళ్ల తరబడి నయంకాని ఉన్మాదం తగ్గి, ఇంటికెళ్లి పనిలో చేరాడు. తర్వాత మందు మానేశాడు, జబ్బు తిరగబెట్టింది. మళ్లీ మొదలుపెట్టాక 1950లో లిథియం విషమై చనిపోయాడు. అప్పటికి వైద్యులకి రక్తపరీక్ష ఆసరా లేదు. ఇప్పుడుంది. రాత్రి బిళ్ల వేసుకున్న పన్నెండు గంటలకు, ఉదయం బిళ్ల వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. వేసుకుని వెళ్తే అంకె తప్పుగా వస్తుంది.

రోగి ఒప్పుకోకుండా వైద్యులు సాధారణంగా వివరాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అందుకే చాటుగా చీటీ చూపించి అడగడం కన్నా, ఒప్పించి ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లడమే మేలు. ఎండాకాలం రాకముందే ఒక మాట అడిగి పెట్టుకోవాలి: వాంతులైతే ఏం చేయాలి, నొప్పికి ఏది వాడొచ్చు? మందుల మీద సందేహమొస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు రాత్రయినా పగలైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.