వార్తల్లో పదం: క్వెరీ

డేటాబేస్‌ను సమాచారం అడిగే వాక్యమే క్వెరీ. ఒక్క మాటతో వెతకడం తేలికే. మాటలు పెరిగితే చిక్కు. రాజాం పట్టణం సంగతి చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో అది శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి మారింది. ‘రాజాం’, ‘విజయనగరం’ రెండూ ఉండాలని ‘యాండ్’తో వెతికితే, పాత జిల్లా పేరుతోనే ఉన్న పత్రాలు రావు. అందుకే రెండు జిల్లాల్లో ఏ పేరున్నా చాలని చెప్పే ‘ఆర్’తో ఇలా రాయాలి: రాజాం యాండ్ (శ్రీకాకుళం ఆర్ విజయనగరం). ఆ బ్రాకెట్లు చాలా ముఖ్యం. క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్ ‘యాండ్’ను ముందు, ‘ఆర్’ను తర్వాత లెక్కిస్తుంది. బ్రాకెట్లు లేకపోతే రాజాంతో సంబంధం లేని విజయనగరం పత్రాలన్నీ వచ్చిపడతాయి.

బొబ్బిలి, సాలూరులకైతే ఇంకా వెనక్కి వెళ్లాలి. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేముందు అవి శ్రీకాకుళం జిల్లావి. బ్రిటిష్ కాలపు ఇంగ్లిషు రికార్డుల్లోనైతే శ్రీకాకుళం పట్టణం ‘చికాకోల్’. ఆ పట్టణం కోసం వెతికేటప్పుడు ఆ పేరునూ ‘ఆర్’తో కలపాలి.

పొలం కాగితం కోసం వచ్చిన రైతుకు ఈ చరిత్రంతా తెలిసి ఉండాలనడం అన్యాయం. ఏ ఊరు ఎప్పుడు ఏ జిల్లాలో ఉందో చెప్పే పట్టికను డేటాబేస్‌లోనే పెట్టి, పాత పేర్లను క్వెరీ తనంతట తాను కలుపుకునేలా రాయడం ప్రోగ్రామర్ల బాధ్యత.