కప్పలకి దొంగవాన

వానలు ముఖం చాటేసిన ఏడు మా ఊళ్ళో పిల్లలం కప్పతల్లి ఆడేవాళ్ళం. రోకలికి వేపమండలు కట్టి, నడుమ ఓ కప్పని గుడ్డలో మూటగట్టి వేలాడదీసి ఇంటింటికీ తిప్పితే, ఆడవాళ్ళు దాని మీద చెంబుతో నీళ్ళు గుమ్మరించేవాళ్ళు. పాపం, లోపల దాని పాట్లేమిటో మాకు పట్టేది కాదు. ఇప్పుడు జంతుప్రదర్శనశాలల్లో ఆ ఆటనే తిరగేసి ఆడుతున్నారర్రా! వాన కోసం కప్పని పట్టుకోవడం కాదు, కప్పపిల్లల కోసం మనుషులే వాన కురిపిస్తున్నారు.

ఎందుకంటారా? గాజుతొట్టిలో కప్పకి ఏం తక్కువ? వేళకి పురుగులు, శుభ్రమైన నీళ్ళు, పాము భయం లేదు. అయినా ఏళ్ళ తరబడి గుడ్డు పెట్టదు. తొలకరి వచ్చిందన్న కబురు దానికి అందలేదు మరి. ఎండిపోయే గుంటలో గుడ్లు పెడితే సంతానమంతా చస్తుంది కదా! అందుకే గాలిలో తేమ, నీటి చల్లదనం, పగటి పొడవు, తోటి మగకప్పల బెకబెకలు అన్నీ కూడబలుక్కుని చెబితేగానీ దాని మెదడు హార్మోన్లు వదలదు. మన బావురుకప్పనే చూడండి. ఏడాదంతా మట్టిరంగులో ఉండే మగది, తొలివానలు పడగానే పెళ్ళికొడుకులా ఒళ్ళంతా పసుపు పూసుకుంటుంది. గొంతు దగ్గర రెండు నీలం బుడగలు కూడానూ!

దొంగవాన కురిపించడం బ్రహ్మవిద్యేం కాదు. తొట్టి అడుగున జానెడులోపు నీళ్ళు, అందులో చేపల తొట్టికి వాడే చిన్న మోటారు. పైన ప్లాస్టిక్ గొట్టానికి సన్నటి చిల్లులు పొడుస్తారు. రాత్రి స్విచ్ వేస్తే అడుగు నీళ్ళే పైకెక్కి జల్లుగా పడతాయి. కుళాయి నీళ్ళు నేరుగా పోయకూడదు. కప్ప నీళ్ళు తాగేది చర్మంతోనే, క్లోరిన్ దానికి పడదు. మధ్య అమెరికా ఎర్రకళ్ళ చెట్టుకప్పలకైతే నీటి మీదికి వంగేలా వెడల్పాకుల మొక్క కూడా పెట్టాలి. అవి గుడ్లు ఆకుకి అంటిస్తాయి. గుడ్లు పగిలాక తోకకప్పలు టపటపా నీళ్ళలోకి రాలతాయి.

కిటుకంతా వానలో ఉందనుకునేరు. నన్నడిగితే అంతకుముందు పెట్టే ఎండాకాలంలో ఉంది. కొన్ని వారాలు తేమ తగ్గించి పొడిగా ఉంచాలి. రోజూ తడిసే కప్పకి వానొస్తే వింతేముంది?

పాముల సంగతి వేరు. అమెరికాలోని మొక్కజొన్న పాముకి కావలసింది చలి. పెంచేవాళ్ళు రెండు మూడు నెలలు దాన్ని 10-15 డిగ్రీల చల్లదనంలో, చీకట్లో పడుకోబెడతారు. చలి సరిగా పట్టకపోతే కాశ్మీరు ఆపిల్ చెట్టు పూత పూయదే, అలాగన్నమాట. అయితే పడుకోబెట్టే ముందు రెండు వారాలు పస్తు పెట్టాల్సిందే. చల్లబడ్డ ఒంట్లో అరుగుదల ఆగిపోతుంది, కడుపులో ఎలుక ఉంటే అక్కడే కుళ్ళి పాము ప్రాణం తీస్తుంది. పెద్దలు లంఖణం పరమౌషధం అన్నది దీన్ని చూసి కాదు గానీ, ఇక్కడ అక్షరాలా నిజం!

ఈ విద్యంతా సరదాకే అనుకోకండి. కరిబియన్ సముద్రంలోని ప్యూర్టో రికో దీవిలో, కళ్ళ పైన ఎముక గట్లతో, మూతి పైకి తిరిగిన బుడిపెల కప్ప ఒకటుంది. అంతరించిందనే అనుకున్నారు, 1967లో మళ్ళీ కనబడింది. జోరువాన పడ్డ రాత్రే అన్నీ ఒక్కసారిగా గుంట చేరి జతకడతాయి. అందుకే అమెరికా, కెనడా జూలలో వాటిని ముందు చల్లగా ఉంచి, తర్వాత దొంగవానలో నిలబెట్టి, మగకప్పల అరుపులు రికార్డు వేసి వినిపిస్తారు. అప్పటికీ మొరాయిస్తే హార్మోను సూది. వేలకొద్దీ పుట్టే తోకకప్పల్ని నీళ్ళ సంచుల్లో విమానమెక్కించి దీవికి పంపుతారు. అక్కడ గుంటల్లోకి వదిలితే కాళ్ళొచ్చి గట్టెక్కుతాయి. పెద్దయినవాటిలో కొన్ని, అసలు వాన పడ్డ రాత్రి, ఆ గుంటకే తిరిగొచ్చి అరిచాయట.