"నాన్నగారు ఏం చేస్తారు?": ఇంటర్వ్యూలో అడగకూడని ప్రశ్నలు, అడిగితే మనం చేయాల్సినవి

ఇంటర్వ్యూ గదిలో కూర్చోబెట్టి "మీదే కులం?" అని ముఖం మీదే అడిగేవాళ్లు ఇప్పుడు తక్కువ. అలా అడగాల్సిన పని కూడా లేదు. తెలుగునాట కులం కనుక్కోవడానికి దారులు చాలానే ఉన్నాయి. "పేరు ముందు కె అంటే ఏంటి?" అని ఇంటిపేరు పట్టుకుంటారు. "సొంతూరు ఏది? ఊళ్లో ఇల్లు ఏ వైపు?" అంటారు. "నాన్నగారు ఏం చేస్తారు?", "ఎంసెట్ ర్యాంకు ఎంత? సీటు ఏ కోటాలో వచ్చింది?", "నాన్‌వెజ్ తింటారా?", "ఆదివారం చర్చికి వెళ్తారా?" ఇలాంటివి నాలుగు వరుసగా పడితే అడిగినవాళ్లకు కావాల్సింది తెలిసిపోతుంది. తెలిసిపోయిందన్న సంగతి మనకూ అర్థమవుతుంది. అక్కడి నుంచి చదువు గురించి ఎంత బాగా చెప్పినా గొంతులో ఏదో అడ్డం పడినట్టే ఉంటుంది.

ఇలా అడగడానికి చట్టం ఒప్పుకుంటుందా? సూటిగా చెప్పాలంటే, ఇంటర్వ్యూలో ఫలానా ప్రశ్నలు అడగకూడదని జాబితా ఇచ్చిన చట్టం మన దేశంలో లేదు. కానీ ఆ జవాబును పట్టుకుని ఉద్యోగం ఇవ్వకపోవడం చాలా సందర్భాల్లో చట్టవిరుద్ధం, కొన్నిసార్లు నేరం. ఈ తేడా తెలిస్తేనే మన చేతిలో ఏముందో, ఏం లేదో తెలుస్తుంది.

కుటుంబం గురించి ఎందుకు అడుగుతారు?

"ఊరికే, మాట కలపడానికి అడుగుతాం" అంటారు. 2007లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ ప్రచురించిన పరిశోధనలు వేరే కథ చెప్పాయి. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానం, పేర్లు మాత్రమే వేరు. అగ్రకుల హిందూ పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశంతో పోలిస్తే, దళిత పేరున్న దానికి మూడింట రెండు వంతులే ఉందని తేలింది. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతే. ఇంటర్వ్యూ దాకా రాకముందే, కాగితం మీదే జరిగిన వడపోత ఇది.

అదే ఏడాది అచ్చయిన ఇంకో పరిశోధన కోసం సురీందర్ జోధ్కా, క్యాథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతంలోని పెద్ద కంపెనీల హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడారు. ప్రతిభే కొలమానం అని అందరూ అన్నారు. కుటుంబ నేపథ్యం గురించి అడుగుతామని కూడా దాదాపు అందరూ చెప్పారు. మంచి కుటుంబం నుంచి వస్తే మంచి ఉద్యోగి అవుతాడన్నది వాళ్ల నమ్మకం. నాన్న కూలి, అమ్మ పారిశుద్ధ్య కార్మికురాలు అయినప్పుడు ఆ కొలమానంలో మన బిడ్డలకు ఎన్ని మార్కులు పడతాయో చెప్పక్కర్లేదు. మొదటి తరం చదువుకున్నవాళ్ల గొప్పతనం ఏమిటో ఆ ప్రశ్నకు తెలియదు.

చట్టం ఎంతవరకు వస్తుంది?

ప్రభుత్వ ఉద్యోగాల విషయంలో రాజ్యాంగం 16(2) అధికరణం స్పష్టంగా ఉంది. మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం కారణంగా వివక్ష చూపకూడదు. ఇంటర్వ్యూలో పక్షపాతానికి చోటుందన్న విమర్శల నడుమ, కేంద్రం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ బి నాన్ గెజిటెడ్, గ్రూప్ సి పోస్టులకు ఇంటర్వ్యూలు తీసేసింది. తెలంగాణ 2022లో గ్రూప్ 1, గ్రూప్ 2 పోస్టులకు తీసేసింది. రిజర్వుడు పోస్టుకు కుల ధ్రువపత్రం అడగడం వేరు. అది సర్టిఫికెట్ల పరిశీలనలో జరగాల్సిన పని, బోర్డు ముందు ప్రశ్నగా రావాల్సింది కాదు.

16వ అధికరణం ప్రైవేటు కంపెనీలను పట్టుకోలేదు. 17వ అధికరణం మాత్రం పట్టుకుంటుంది. అంటరానితనం ఎవరు పాటించినా నిషేధమే. దాని ఆధారంగా వచ్చిన 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్, అంటరానితనం కారణంగా ఎవరినైనా ఉద్యోగానికి దూరం పెట్టడాన్ని నేరంగా చూస్తుంది. బాధితులు షెడ్యూల్డ్ కులం వారైతే ఆ పని అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు భావించాలని, కాదని రుజువు చేసుకోవాల్సింది నిందితులేనని 12వ సెక్షన్ చెబుతుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, ఇతరులకు అందుబాటులో ఉన్న ఉద్యోగం దళితులు, ఆదివాసీలు చేయకుండా అడ్డుకోవడాన్ని 3(1)(జడ్ఏ) కింద నేరం చేసింది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా శిక్ష పడొచ్చు.

కాగితం మీద ఇది బలంగానే ఉంది. చిక్కు రుజువు దగ్గర వస్తుంది. "ఇంకా మంచి అభ్యర్థి దొరికారు" అని కంపెనీ ఒక్క మాట అంటుంది. "ఆమె కులం మాకు తెలియనే తెలియదు" అని ఇంకో మాట అంటుంది. ఇక్కడే ఇంటర్వ్యూ ప్రశ్న మనకు పనికొస్తుంది. కులం ఆరా తీసిన ప్రశ్న మనం రాసి పెట్టుకుని ఉంటే, తెలియదనే వాదనకు అదే జవాబు. ప్రశ్న దానికదే నేరం కాకపోవచ్చు. తర్వాత జరిగిన నేరానికి సాక్ష్యం మాత్రం కాగలదు.

కులం పేరుతో తిట్టినా, అవమానించినా 3(1)(ఆర్), 3(1)(ఎస్) కింద కేసు పెట్టొచ్చు. అయితే అది జనం చూసే, వినే చోట జరగాలన్న షరతు ఉంది. తలుపు మూసిన గదిలో మనమూ వాళ్లూ తప్ప ఎవరూ లేకపోతే ఈ సెక్షన్లు నిలవడం కష్టం. ఇది ముందే తెలుసుకోవడం మంచిది.

"చర్చికి వెళ్తారా?" అన్న ప్రశ్నకు రెండు వైపులా పదును ఉంది. మన దగ్గర ఆ జవాబుతో కులం ఊహిస్తారు. తీరా కేసు దాకా వెళ్తే అదే జవాబును మన మీదికి తిప్పుతారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా ఇస్తుంది. క్రైస్తవం స్వీకరించినవారు అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేరని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో ఒక పాస్టర్ కేసులో చెప్పింది. కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వకుండా పక్కకు తప్పుకోవడమే మేలు.

ఆడపిల్లలను అడిగేవి

"పెళ్లెప్పుడు? పిల్లల్ని ఎప్పుడు కంటారు?" అన్నవి మన అమ్మాయిలకు అదనపు బరువు. ఎల్ఐసీ ఒకప్పుడు ఉద్యోగంలో చేరే స్త్రీలతో నింపించిన ఫారంలో నెలసరి సక్రమంగా వస్తోందా, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, గర్భస్రావాలు అయ్యాయా అని కాలమ్‌లు ఉండేవి. గర్భం సంగతి దాచారని ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగినిని తొలగించారు. 1991లో నీరా మాథుర్ కేసులో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. ఆ ప్రశ్నలు సిగ్గుపడేలా ఉన్నాయని, ఆ కాలమ్‌లు తీసేయాలని చెప్పింది.

నియామకాల్లో స్త్రీల పట్ల వివక్షను 1976 సమాన వేతన చట్టం ప్రైవేటు సంస్థలకు కూడా నిషేధించింది. 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ నిషేధం ఉంది. ఇంటర్వ్యూలో లైంగికంగా మాట్లాడితే, మనం ఆ సంస్థలో ఉద్యోగులం కాకపోయినా, 2013 చట్టం కింద అక్కడి అంతర్గత కమిటీకి మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయొచ్చు.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను నియామకంలో వివక్షకు గురిచేయకూడదని 2019 చట్టం, ఉద్యోగానికి హెచ్ఐవీ పరీక్షను షరతుగా పెట్టకూడదని 2017 చట్టం చెబుతున్నాయి. ఇవి ప్రైవేటుకూ వర్తిస్తాయి. కులం విషయంలో మాత్రం ప్రైవేటు నియామకాల్లో వివక్ష కూడదని ఇంత సూటిగా చెప్పే సివిల్ చట్టం నేటికీ లేదు. 2016 నాటి వివక్ష నిరోధక, సమానత్వ బిల్లును శశి థరూర్ ప్రైవేటు బిల్లుగా తెచ్చారు. అది చట్టం కాలేదు.

"మీ మీద కేసులున్నాయా?"

ఉద్యమాల్లో తిరిగేవాళ్లకు ఇది పెద్ద భయం. ఈ ప్రశ్న అడగొచ్చు. ఫారంలో అడిగితే నిజమే రాయాలి. అవతార్ సింగ్ కేసులో 2016లో ముగ్గురు జడ్జిల సుప్రీంకోర్టు ధర్మాసనం ఈ సంగతి తేల్చింది. సమాచారం నిజమై ఉండాలి, దాస్తే ఉద్యోగం పోవచ్చు. అదే తీర్పు ఇంకో మాట కూడా చెప్పింది. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి స్వల్ప కేసులను దాచినా, యజమాని తన విచక్షణతో వదిలేయొచ్చు. ధర్నా కేసు ఉందని దాచడం కంటే, అది ధర్నా కేసని రాయడమే మనకు రక్ష.

అడిగితే ఏం చేద్దాం?

ముందుగా, ప్రశ్నను ఉద్యోగం వైపు తిప్పండి. "ఆ వివరం ఈ పనికి ఎలా అవసరమో చెబితే తప్పకుండా చెబుతానండీ" అనొచ్చు. నాన్నగారి గురించి అడిగితే "మా ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చింది నేనే. నా ప్రాజెక్టు గురించి చెప్పమంటారా?" అనొచ్చు. ఉద్యోగం అత్యవసరమై జవాబు చెప్పేశారనుకోండి, అందులో ఓటమి లేదు. ఇంటి అద్దె కట్టాల్సింది మనమే.

బయటికి రాగానే, అదే రోజు రాసి పెట్టండి. తేదీ, సమయం, గదిలో ఎవరెవరు ఉన్నారు, వాళ్ల హోదాలు, అడిగిన ప్రశ్న వాళ్ల మాటల్లోనే. ఆ రాతను నమ్మకమైన మిత్రులకు ఈమెయిల్ చేస్తే తేదీకి రుజువు ఉంటుంది. మీతో పాటు హాజరైన వేరే కులాల మిత్రులను ఏం అడిగారో కనుక్కోండి. వాళ్లను అడగని ప్రశ్న మిమ్మల్ని అడిగితే తేడా అక్కడే బయటపడుతుంది.

క్యాంపస్ ప్లేస్‌మెంట్ అయితే ప్లేస్‌మెంట్ అధికారికి, ఎస్సీ ఎస్టీ సెల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక్కరే కాకుండా పదిమంది సంతకాలతో ఇస్తే ఎవరి ఉద్యోగమూ ఒంటరిగా బలికాదు. ర్యాంకు, కోటా, కుటుంబ వివరాలు అడగబోమని రాసిచ్చిన కంపెనీలనే రానివ్వాలని కాలేజీని అడగడం విద్యార్థి సంఘాలు ఈ ఏడాదే చేయగల పని. ఉద్యోగం నిరాకరించడం, అవమానించడం దాకా వస్తే రాష్ట్ర ఎస్సీ ఎస్టీ కమిషన్‌కు, 338వ అధికరణం కింద ఏర్పడిన జాతీయ ఎస్సీ కమిషన్‌కు వెళ్లొచ్చు. జాతీయ కమిషన్‌కు విచారణలో సివిల్ కోర్టు అధికారాలున్నాయి. పోలీసు స్టేషన్‌లో ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ కావాలంటే, అత్యాచారాల నిరోధక చట్టం 18ఏ సెక్షన్ ఆ అవసరం లేదంటుందని గుర్తు చేయండి.

చివరగా ఒక మాట. ఆ గదిలో తడబడిన తమ్ముళ్లు, చెల్లెళ్లు బయటికొచ్చి తప్పు తమదే అనుకుంటారు. ఇంగ్లిష్ సరిగా రాలేదనుకుంటారు. ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటారు. ఇంటర్వ్యూకి వెళ్లొచ్చిన జూనియర్‌ను "ఎలా చేశావ్?" అని మాత్రమే అడగొద్దు. "నిన్నేం అడిగారు?" అని కూడా అడగండి. చెప్పింది రాయించండి.