బొబ్బిలికోట: కూలినది, కట్టినది

బొబ్బిలికి వచ్చిన యాత్రికుడు మొదట అడుగునది కోటకు దారి. ఎత్తైన ప్రాకారమును, విశాలమైన సింహద్వారమును, లోపలి దర్బారు మందిరమును చూచి, "పాపారాయుడు కత్తి దూసినది ఇచ్చటనే కదా!" అని ఒడలు పులకరింప నిలుచును. ఆ పులకరింతను చెరుపుటకు మాకును మనసొప్పదు. కాని యుద్ధము చూచిన కోట వేరు, నేడు మన కనులకు కనబడు కోట వేరు.

1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువైన పూసపాటి విజయరామరాజు తోడురాగా బొబ్బిలిని ముట్టడించెను. రాజా రంగారావు పోరాడి నేలకొరిగెను. శత్రువుల చేత చిక్కరాదని కోటలోని స్త్రీలను, పిల్లలను తమవారే చంపుకొని, ఇండ్లకు నిప్పు పెట్టుకొనిరి. ఆ కోట రాతికోట కాదు; దట్టమైన అడవుల నడుమ మట్టితో గట్టిగా పెట్టిన గోడల కోట. ఫిరంగులు పగులగొట్టినది కొంత, అగ్ని దహించినది కొంత, మిగిలినది ఏటేటి వానలకు కరిగినది. ఇప్పటి కోటకు నైరుతి దిక్కున సుమారు అరమైలు దూరములో దాని చోటు కలదు. ఆ యుద్ధమునకు గుర్తుగా 1891లో ఒక స్మారకస్తంభమును నిలిపిరి.

ఆనాటి మారణహోమములో రంగారావు కుమారుడొకడు బ్రదికి బయటపడెను. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్టు ఆర్మ్ 18వ శతాబ్దిలోనే ఈ సంగతి వ్రాసియున్నాడు. చిన రంగారావుగా ప్రసిద్ధుడైన ఆ బాలుని వలననే సంస్థానము మరల నిలిచినది. అతని వంశీయులు 19వ శతాబ్దిలో కట్టించినదే నేటి కోట.

ఇంత స్పష్టమైన చరిత్ర ఉండగా కథలేల పుట్టును? కోట అన్నచోట సొరంగమొకటి ఉండి తీరవలెనని జనుల నమ్మకము. గొప్ప కట్టడము కనబడినచో, ఇది మానవమాత్రుల పని కాదనువారు కొందరు. ఈ బలహీనత మనదే కాదు. ఇటీవల పాశ్చాత్యులలో కొందరు, తమ నగరములలోని పాత భవనములన్నియు "టార్టారియా" అను మహాసామ్రాజ్యము విడిచిపోయినవనియు, ఆ చరిత్రను ఎవరో దాచిపెట్టిరనియు చెప్పుచున్నారు. 1893లో షికాగో నగర ప్రదర్శనము కొరకు లేచిన ధవళ సౌధములను ఇందుకు సాక్ష్యముగా చూపుదురు. నిజమునకు వానిలో పెక్కింటికి పైపూత జనుపనార కలిపిన గచ్చు. ప్రదర్శనము ముగియువరకు నిలిచిన చాలునని కట్టినవి. వానిని కట్టుచుండగా తీసిన ఛాయాచిత్రములు సైతము ఉన్నవి.

"ఎడ్లబండ్ల కాలములో ఇట్టి కట్టడము సాధ్యమా?" అని అడుగువారికి ఆ ఎడ్లే సమాధానము చెప్పగలవు. సున్నమును, ఇసుకను గానుగలో వేసి ఎడ్లచేత త్రిప్పించి నూరుట మన తాపీపనివారి పాత పద్ధతి. కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలుపుటయు కలదు. అట్టి గచ్చు ఏండ్లు గడచినకొలది గట్టిపడును. ఈ దేశపు తోరణములకు పాశ్చాత్యుల పోకడలు ఎట్లు కలిసినవన్నచో, 19వ శతాబ్ది ఉత్తరార్ధములో మద్రాసు మొదలైన నగరములలో ఆ కలయికయే వాడుక. జమీందారులు దానిని చూచి మెచ్చుకొనిరి. పాత భవనముల క్రింది కిటికీలు నేలలో దిగబడి కనబడుటకు మహాప్రళయము అక్కరలేదు. వీధికి ప్రతి తరమువారు మన్ను పోసి మెరక చేయుదురు; గడప ఉన్నచోటనే ఉండును, వీధి పైకి లేచును.

ఈ కథలు వినోదమునకు బాగుగనే ఉండును. కాని నమ్మినచో రెండు అన్యాయములు జరుగును. నేటి కోటయే యుద్ధపు కోట యనుకొన్నచో, మట్టిగోడల వెనుక నిలిచి ఫిరంగులకు ఎదురొడ్డినవారి సాహసము మనకు సగమే తెలియును. ఇది ఎవరో అజ్ఞాతజాతి కట్టినదన్నచో, సున్నము నూరిన కూలీకి, తోరణము తీర్చిన తాపీమేస్త్రికి, ఆ వ్యయమునకు పన్నులు కట్టిన రైతుకు వారి పనియే దక్కకపోవును. వారి పేర్లు ఏ శాసనమునను లేవు. వారు మిగిల్చిపోయినది ఆ కట్టడమే.

కనుక పాత కట్టడము ముందు నిలిచినపుడు నాలుగు ప్రశ్నలు వేసికొనుట మంచిది: ఎవరు కట్టించిరి? ఎప్పుడు? దేనితో? ఎవరి చెమటతో? బొబ్బిలికి పిల్లలను తీసికొనిపోవు తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. కోటను చూపిన పిమ్మట ఆ అరమైలు కూడ నడిపించి, మట్టికోట ఉండిన నేలను చూపుడు. అచ్చట చూచుటకు ఎక్కువ ఏమియు లేదు. ఎందుకు లేదో చెప్పుడు.