బూడిద దిబ్బలోని పశువుల దొడ్డి

పాలమూరు సీమలో ఉత్తనూరు గ్రామము కలదు. అక్కడి పెద్ద బూడిద దిబ్బ ఎట్లేర్పడినది? ఇట్టి దిబ్బలు రాక్షసులను కాల్చిన బూడిదయని జనులు చెప్పుకొందురు. అగ్నిపర్వతపు బూడిదయనియు, ఇనుము కరగించిన చిట్టెమనియు కొందరు పండితులు తలచిరి. పశువుల పేడయే కాలినదని రాబర్ట్ బ్రూస్ ఫుట్ 19వ శతాబ్దిలోనే ఊహించెను.

1957లో బ్రిటిష్ పురాతత్త్వజ్ఞుడు ఆల్చిన్ ఉత్తనూరు దిబ్బను త్రవ్వించెను. తాటి మొద్దులు వరుసగా పాతి కట్టిన దొడ్డి ఆనవాళ్లు బయటపడినవి. మొద్దులు మిగులకపోయినను, అవి పాతిన గుంటలలోని మన్ను రంగు వేరుగా నుండును. ఆ గుంటల వెంట పోయినచో కంచె పోయిన దారి తెలియును. అంతకన్న వింతయైనది, దొడ్డి నేలపై పశువుల గిట్టల ముద్రలు చెదరక నిలిచియుండుట! అవి సుమారు నాలుగున్నర వేల యేండ్లనాటివి. బళ్ళారి దిబ్బల బూడిదను పరీక్షించి జాయినర్ కూడ 1960లో పేడయేయని తేల్చెను.

మరి పేడ గాజువలె గట్టిపడుటేమి? గడ్డిలో సిలికా కలదు, పేడలో క్షారములు కలవు. తీవ్రమైన వేడిమికి ఇవి కలిసి కరగి, చల్లారినపుడు చిట్టెమగును. పొయ్యిలోని పిడకకు అంత వేడిమి చాలదు. గుట్టలుగా పేర్చి కాల్చవలెను.

దొడ్డి పలుమార్లు కాలినది, మరల కట్టబడినది. ప్రతిసారియు ప్రమాదమే యనుట నమ్మశక్యము కాదు. సంక్రాంతికి పశువులను మంటల మీదుగా దాటించు ఆచారమునకు ఇదియే మూలము కావచ్చునని ఆల్చిన్ అభిప్రాయపడెను.