ఆ రెండు ఇంజెక్షన్లు చేయించుకోనా, అక్కా?

పోయిన నెల ఒక రాత్రి పదకొండు దాటాక మన గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది, గుర్తుందా? "అక్కా, నాకు 31 వారాలే. నొప్పులొస్తున్నాయి. బిడ్డ ఊపిరి కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేస్తామంటున్నారు. అత్తగారు ఫోన్‌లో వద్దంటున్నారు. చేయించుకోనా?" పది నిమిషాల్లో ఇరవై జవాబులు, సగం వద్దనే! స్టెరాయిడ్ అనగానే మనకి జిమ్ కుర్రాళ్ళు, ఉబ్బిన మొహాలే గుర్తొస్తాయి మరి. ఆ రాత్రి ఏం చెప్పి ఉండాల్సిందో ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. రేపు ఆ ఫోన్ మీ చెల్లెలి దగ్గర్నుంచో కోడలి దగ్గర్నుంచో రావచ్చు.

ఊపిరితిత్తుల నిండా కోట్ల కొద్దీ చిన్న గాలితిత్తులుంటాయి. లోపలంతా తడి. తడిసిన ప్లాస్టిక్ కవరు పొరలు ఒకదానికొకటి ఎలా అతుక్కుంటాయో మీకు తెలుసుగా! ఊపిరి వదిలినప్పుడల్లా ఈ తిత్తులూ అలాగే అతుక్కుపోకుండా సర్ఫాక్టెంట్ అనే జారుడు పదార్థం కాపాడుతుంది. కడుపులో బిడ్డకి అది చాలినంత తయారయ్యేసరికి దాదాపు 34, 35 వారాలు పడుతుంది. ముందే పుడితే ప్రతి ఊపిరీ కొత్త బెలూన్ ఊదినంత కష్టం. పసివాళ్ళు కొన్ని గంటల్లోనే అలిసిపోతారు.

1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి పాట్రిక్ అనే కొడుకు ఐదున్నర వారాలు ముందుగా పుట్టాడు. రెండు కిలోల పైనే ఉన్నాడు. దేశాధ్యక్షుడి బిడ్డ, బోస్టన్‌లో పెద్ద పెద్ద డాక్టర్లు. అయినా 39 గంటలే బతికాడు. ఇలా పోయే పిల్లల ఊపిరితిత్తుల్లో ఆ జారుడు పదార్థం ఉండటం లేదని మేరీ ఎలెన్ ఏవరీ అనే డాక్టరమ్మ, జెరీ మీడ్ కలిసి 1959లోనే చూపించారు. కారణం తెలిసింది గానీ మందు లేదు.

ఆ మందు గొర్రెల దగ్గర దొరికింది. న్యూజిలాండ్‌లో గ్రాహం లిగిన్స్ కాన్పు ఎలా మొదలవుతుందో తెలుసుకోవాలని గొర్రెల మీద పరిశోధన చేస్తున్నాడు. స్టెరాయిడ్ ఇచ్చాక, మరీ ముందుగా పుట్టిన గొర్రెపిల్ల ఒకటి బతకదనుకుంటే ఊపిరి తీస్తూ కనబడింది. రాస్ హౌవీ అనే పిల్లల డాక్టర్‌తో కలిసి ఆక్లాండ్‌లో 282 మంది తల్లుల మీద పరీక్ష చేశాడు. 1972లో ఫలితం అచ్చయింది: ఇంజెక్షన్ లేనివాళ్ళ పిల్లల్లో నూటికి 26 మందికి ఊపిరి ఇబ్బంది వస్తే, ఇంజెక్షన్ ఇచ్చినవాళ్ళ పిల్లల్లో 9 మందికే వచ్చింది.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. చాలామంది డాక్టర్లు ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు తటపటాయించారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ గట్టిగా సిఫార్సు చేసేసరికి 1994 అయింది. మందుల పరీక్షల్ని కూడగట్టి తేల్చే కాక్రేన్ సంస్థ గుర్తు ఎప్పుడైనా చూడండి. మధ్యలో చిన్న చిన్న అడ్డగీతలుంటాయి. అవి ఈ ఇంజెక్షన్ పరీక్షల ఫలితాలే.

అందుకని ఆ అమ్మాయికి చెప్పాల్సిన జవాబు ఇది: నిజంగా కాన్పు ముందుగా అయ్యేలా ఉందని డాక్టర్లు అంటే చేయించుకో. ఇక్కడ బ్రిటన్‌లో 34 వారాల లోపు మామూలుగా ఇస్తారు. సాధారణంగా 24 గంటల తేడాతో రెండు డోసులు. కాన్పు ఆ తర్వాత ఒక రోజు నుంచి వారం లోపల అయితే మేలు ఎక్కువ. షుగర్ ఉంటే మాత్రం తప్పకుండా చెప్పు. ఇంజెక్షన్ తర్వాత అది పెరుగుతుంది, గమనిస్తూ ఉండాలి. మనవాళ్ళలో కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చేవాళ్ళు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు.

ముందే తెలిస్తే మంచిదని ఇంకొకటి చెప్తున్నాను. పుట్టాక అవసరమైతే బిడ్డ ఊపిరితిత్తుల్లోకి నేరుగా ఇచ్చే సర్ఫాక్టెంట్‌ని పంది ఊపిరితిత్తుల నుంచో ఆవు ఊపిరితిత్తుల నుంచో తీస్తారు. మనసు ఒప్పుకోకపోతే ముందుగానే డాక్టర్‌తో మాట్లాడుకోండి. బిడ్డ ఆయాసపడుతున్నప్పుడు ఇంట్లో ఆ చర్చ పెట్టుకోకండి.

మరి పెద్దవాళ్ళ సంగతి? 1967లో డెన్వర్ డాక్టర్లు 12 మంది రోగుల్లో అచ్చం పసిపిల్లల జబ్బులాంటిదే చూశామని రాశారు. అయితే ఆ జారుడు మందే వీళ్ళకీ పనిచేయాలి కదా? 1996లో 725 మంది మీద చేసిన పెద్ద పరీక్షలో ఏమీ పనిచేయలేదు. పెద్దవాళ్ళలో న్యుమోనియా వల్లో, రక్తంలో ఇన్ఫెక్షన్ వల్లో తిత్తుల గోడలే దెబ్బతిని నీరు చేరుతుంది. అక్కడ పనికొచ్చింది మందు కాదు, వెంటిలేటర్ చిన్న చిన్న ఊపిరులు ఇవ్వడం. 2000లో 861 మంది మీద చేసిన పరీక్షలో చావులు నూటికి 40 నుంచి 31కి తగ్గాయి.

ఆ ఊపిరి కొలత మనిషి బరువుని బట్టి కాదు, ఎత్తుని బట్టి. లావైనంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు కదా! ఐదడుగుల మనిషైతే అమ్మకి ఒక్కో ఊపిరి 270 మిల్లీలీటర్ల చుట్టుపక్కల చాలు. ఎత్తు కొలవకుండా అంచనా వేస్తే పొట్టిగా ఉన్న ఆడవాళ్ళకే ఎక్కువ గాలి వెళ్ళే ప్రమాదం. ఊళ్ళో ఉన్న అమ్మా నాన్నల ఎత్తు మీ ఫోన్‌లో రాసిపెట్టుకోండి. ఐసీయూ నుంచి కాల్ వస్తే, మందుల జాబితాతో పాటు అదీ చెప్పండి.

స్టెరాయిడ్ మళ్ళీ 2020లో వార్తల్లోకొచ్చింది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్షలో, వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల చావులు డెక్సామెథసోన్‌తో నూటికి 41 నుంచి 29కి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకి మాత్రం లాభం కనబడలేదు. ఆ రెండో వాక్యం మన ఫార్వర్డ్‌లలో రాలేదు. 2021 ఎండాకాలంలో హైదరాబాద్‌లో, విజయవాడలో జ్వరం రాగానే ఇంట్లోనే ఆ మాత్రలు మింగినవాళ్ళు మీకూ తెలిసే ఉంటారు. షుగర్ ఉన్నవాళ్ళలో ఆ తర్వాత వచ్చిన బ్లాక్ ఫంగస్ కేసులకి స్టెరాయిడ్ వాడకం ఒక కారణం. నేనూ అలాంటి ప్రిస్క్రిప్షన్ ఒకటి పిన్నికి పంపాను. ఆవిడ వాడలేదు, నా అదృష్టం.

ఇంతకీ ఆ అమ్మాయి మన ఇరవై జవాబులూ చదవనే లేదట. ఫోన్ పక్కన పడేసి మిడ్‌వైఫ్‌నే అడిగి రెండు డోసులూ చేయించుకుంది. నాలుగో రోజు పాప పుట్టింది. ఆరు రోజులు ముక్కు దగ్గర గాలి గొట్టం పెట్టారు, వెంటిలేటర్ అవసరం పడలేదు. అత్తగారికి వీసా వచ్చింది, వచ్చే ఆదివారం దిగుతున్నారు.